మన ఎర్రమట్టిలో సొరచేప పన్ను దొరుకుతుందా?

హనుమకొండ_సైన్స్‌టీచర్
అందరికీ నమస్కారం. హనుమకొండలో హైస్కూల్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. మొన్న తొమ్మిదో తరగతిలో శిలాజాల పాఠం వచ్చినప్పుడు జైసల్మేర్ సొరచేప కథ చెప్పాను. రాజస్థాన్ ఎడారిలో జురాసిక్ కాలపు రాళ్లలో కొన్ని పళ్లు దొరికాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ) జైపూర్ కార్యాలయానికి చెందిన కృష్ణకుమార్ బృందం, ఐఐటీ రూర్కీ ఆచార్యులు సునీల్ బాజ్‌పాయ్ కలిసి వాటిని పరిశీలించి, అది ఎవరూ ఎరగని కొత్త జాతి అని తేల్చారు. పేరు స్ట్రోఫోడస్ జైసల్మేరెన్సిస్. 2021లో ప్రచురించారు. వయసు 16 కోట్ల నుంచి 16.8 కోట్ల ఏళ్లు. స్ట్రోఫోడస్ అనే ప్రజాతి (దగ్గరి జాతులన్నీ కలిపిన గుంపు) మన ఉపఖండంలో కనిపించడం అదే మొదటిసారి. ఆసియా మొత్తంలో చూసినా జపాన్, థాయ్‌లాండ్ తర్వాత మూడో చోటు మనదే.

పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. చివరి బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "టీచర్, మన దగ్గర సొరచేప లేదా?" అని అడిగింది. "మనకు సముద్రం లేదు కదమ్మా, ఎక్కడి నుంచి వస్తుంది" అనేశాను. ఇంటికొచ్చాక ఆ జవాబు మనసులో ముల్లులా గుచ్చుతూనే ఉంది. చూసి చెప్పలేదు, అలవాటుగా చెప్పేశాను. వరంగల్ చుట్టుపక్కల గానీ, పైన ఆదిలాబాద్ వైపు గానీ సొరచేప శిలాజాలు ఉన్నాయా? తెలిసినవాళ్లు చెప్పండి. ఆ పిల్లకు సోమవారం సరైన జవాబు చెప్పాలి.

బొగ్గుబావి_అన్న (మందమర్రి)
మేడం, నేను సింగరేణిలో 31 ఏళ్లు బావిలో దిగిన. బొగ్గు తీసినాక పైకప్పు రాయిని చూస్తే ఆకుల అచ్చులు కనపడేటివి. నడుమ ఈనె, దాని నుంచి వల అల్లినట్టు సన్న ఈనెలు. గ్లోసాప్టెరిస్ అనే చెట్టు ఆకులని మా సర్వేయర్ సార్ చెప్పేటోడు. 25 కోట్ల ఏళ్లకు పైబడ్డవట. టార్చిలైటు వాలుగా కొడితే నిన్న రాలిన ఆకు లెక్క ఉండేది. కానీ చేప గానీ, పన్ను గానీ ఎన్నడూ చూడలేదు.

బొగ్గు పొరలకు పైన ఎర్రమట్టి పొరలున్నయి, ఆసిఫాబాద్ రేంజిల. కలకత్తా నుంచి శాస్త్రవేత్తలు వచ్చి గుడారాలేసుకుని ఉండేటోళ్లని మా మామ చెప్పేది. ఆ సంగతి చదువుకున్నోళ్లే చెప్పాలె.

రాళ్లబడి
మేడం, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా మంచిది. జవాబు ఏమిటంటే: వరంగల్ నగరంలో లేదు. కానీ ఉత్తరానికి వెళితే ఉంది, పైగా ఒకటి కాదు. నేను భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఈ విషయం మన దగ్గర ఎవరికీ పెద్దగా తెలియకపోవడం నాకు ఎప్పటినుంచో బాధగా ఉంది. కొంచెం పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు వరంగల్ సంగతి. ఓరుగల్లు అంటేనే ఒక రాయి. కోటలో, పద్మాక్షి గుట్ట మీద మనం ఎక్కే ఆ గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. భూమి లోపల కరిగి గడ్డకట్టిన రాయి కాబట్టి అందులో ఏ జీవీ మిగలదు. ఇంకొంచెం తూర్పుకు, పాకాల చెరువు వైపు వెళితే పొరలు పొరలుగా ఉన్న రాళ్లు వస్తాయి. ఆ చెరువు పేరు మీదే వాటిని పాకాల రాళ్లంటారు. అవీ 100 కోట్ల ఏళ్లు దాటినవే. అప్పటికి ప్రపంచంలో పళ్లున్న ప్రాణే లేదు.

అసలు కథ గోదావరి, ప్రాణహిత లోయది. కింద బొగ్గు. ఆ పైన ఒకదాని మీద ఒకటిగా పరుచుకున్న పొరలకు మన ఊళ్ల పేర్లే ఉన్నాయి: యెర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట, చికియాల. ఎక్కడో అర్జెంటీనాలో కూర్చుని డైనోసార్ల మీద రాసే శాస్త్రవేత్త కూడా మలేరి పేరు రాయక తప్పదు. ఆ మలేరి ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఒక పల్లె.

మలేరి ఎర్రమట్టి ట్రయాసిక్ కాలం చివరి భాగానిది, 22 కోట్ల ఏళ్లకు పైమాటే. 1980లో ఎస్.ఎల్. జైన్ అనే శాస్త్రవేత్త ఆ మట్టిలో దొరికిన సొర పళ్లను వర్ణించి క్సెనకాంథస్ ఇండికస్ అని పేరు పెట్టారు. ఆ పన్ను చూస్తే మరిచిపోరు. పక్కలకు రెండు కొమ్ములు, నడుమ చిన్న మొన. అచ్చం ఎద్దు తలను ఎదురుగా చూసినట్టు ఉంటుంది. ఈ జాతివి పాములా పొడవుగా ఉండి, తల వెనక ఒక ముల్లుతో మంచినీళ్లలో తిరిగేవి. ట్రయాసిక్ ముగిసేసరికి ఈ వంశమే అంతరించింది.

దాని పైన కోట పొర, జురాసిక్ కాలానిది, సుమారు 18 కోట్ల ఏళ్లు. 1986లో జీఎస్ఐకి చెందిన పి. యాదగిరి అక్కడి నుంచి లిస్సోడస్ ఇండికస్ అనే సొరచేపను పేరు పెట్టి ప్రకటించారు. పళ్లు కొన్ని మిల్లీమీటర్లే, జొన్న గింజంత కూడా ఉండవు. జైసల్మేర్ సొర లాగే ఇదీ హైబోడాంట్ అనే కుటుంబానిది. వీటికి వీపు మీద రెండు రెక్కలు, రెండింటి ముందూ ఒక్కో ముల్లు. డైనోసార్లతో పాటే ఈ కుటుంబమూ కనుమరుగైంది.

కాబట్టి సోమవారం ఆ అమ్మాయికి చెప్పండి, మన దగ్గర రెండు సొరచేపలున్నాయని. జైసల్మేర్ సొర కంటే అవే పెద్దవి, వయసులో.

హనుమకొండ_సైన్స్‌టీచర్
బాబూ, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. సోమవారం దాకా ఆగలేను, ఆ పిల్ల వాళ్ల నాన్నకు ఇప్పుడే ఫోన్ చేస్తాను.

ఒక అనుమానం. సొరచేప ఉందంటే అక్కడ సముద్రం ఉండేదని కాదా?

కరీంనగర్_పాఠకుడు
నాదీ అదే ప్రశ్న. దానికి తోడు ఇంకోటి. ఎముక లేదు, తల లేదు, తోక లేదు. ఒట్టి పన్ను చూసి కొత్త జాతి అని పేరు పెట్టడం, దారిలో దొరికిన చెప్పు చూసి దాన్ని తొడుక్కున్న మనిషి ఇంటిపేరు చెప్పినట్టు లేదా? తప్పుబట్టడానికి అడగడం లేదు. నిజంగా అర్థం కావడం లేదు.

రాళ్లబడి
సముద్రం సంగతి ముందు. మలేరి మట్టి నదులు పొంగి పరిచిన మట్టి. కోట సున్నపురాయి చెరువుల అడుగున పేరుకున్నది. రెండూ మంచినీళ్లే. సొర అనగానే మనకు సముద్రమే గుర్తొస్తుంది గానీ, బుల్ షార్క్ అనేది ఇప్పటికీ నదుల్లోకి ఎదురెక్కి వందల కిలోమీటర్లు పోతుంది. గంగలో గంగా సొర అని ఒక జాతే ఉంది, ఇప్పుడు చాలా అరుదైపోయింది. ఆ రోజుల్లో మన భూభాగం ఆఫ్రికా, అంటార్కిటికాలతో కలిసి ఒకే నేలగా ఉండేది. ప్రాణహిత లోయ ఆ పెద్ద ఖండం నడుమ కుంగిన ఒక పల్లం. నదులు అందులోకి దిగేవి, వాటితో చేపలు, చేపల వెనక సొరలు. మేడం, "సముద్రం లేదు" అని మీరు చెప్పింది నిజమే. సముద్రం లేకుండానే సొర ఉంది.

పన్ను గురించి బందరు అన్న ఇక్కడే ఉండాలి, వాళ్లది వేట కుటుంబం. అన్నా, చూస్తున్నావా?

బందరు_కెరటం
చూస్తున్నాను తమ్ముడూ. మీ తెలంగాణ చర్చలో నాకేం పని అని ఊరుకున్నాను. సొర మాట వచ్చింది కాబట్టి చెబుతాను.

మా నాన్న, తాత సముద్రం మీద బతికినవాళ్లు. సొరను కోస్తే లోపల ఎముక ఉండదు. అంతా మెత్తటి మృదులాస్థి, మన చెవిదొప్పలో ఉండేలాంటిది. ఒడ్డున వదిలేస్తే కొన్నాళ్లకు కుళ్లి ఏమీ మిగలదు. దవడ ఒక్కటి ఎండబెట్టి గోడకు కొట్టేవాళ్లు. ఆ దవడ లోపలి వైపు చూడాలి. ముందు వరస వెనక ఇంకో వరస, దాని వెనక ఇంకోటి పడుకుని ఉంటాయి. ముందుది ఊడగానే వెనకది లేచి ముందుకొస్తుంది. బతికినన్నాళ్లూ ఊడుతూ, వస్తూనే ఉంటాయి. ఒక్క సొర జీవితంలో వేలకు వేల పళ్లు రాలుస్తుంది. చిన్నప్పుడు వలలు దులిపితే పళ్లు రాలేవి, ఏరి డబ్బాలో దాచుకునేవాణ్ణి.

ఒళ్లంతా కరిగిపోయే జీవి, పళ్లు మాత్రం వేలల్లో వదిలిపోతుంది. కోట్ల ఏళ్ల తర్వాత దొరికేది పన్ను కాక ఇంకేముంటుంది?

ఇంకో మాట, కరీంనగర్ సార్‌కు. మా నాన్న ఒక్క పన్ను చేతిలో పెడితే ఏ సొరదో చెప్పేవారు. కొరికే సొర పన్ను రంపంలా ఉంటుంది, నత్తలూ పీతలూ నమిలే దాని పన్ను బల్లపరుపుగా ఉంటుంది. బడికి పోనివాడికే అంత తెలిస్తే, సూక్ష్మదర్శిని ముందు ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లకు ఇంకెంత తెలియాలి?

రాళ్లబడి
అన్నా, ఇంత బాగా నేను చెప్పలేను. దానికి కొంచెం కలుపుతాను. పన్ను పైపొర ఫ్లోరిన్ కలిసిన ఫాస్ఫేటు ఖనిజం. చాలా గట్టిది, మట్టిలో కోట్ల ఏళ్లు ఉన్నా మెరుపు పోదు. పన్ను మీద ఎన్ని గట్లున్నాయి, ఏ వైపు వాలాయి, కిందనున్న వేరులో రక్తనాళాలు పోయే రంధ్రాలు ఎక్కడున్నాయి, అడ్డంగా కోస్తే లోపలి అల్లిక ఎలా ఉంది, ఇవన్నీ చూస్తారు. తర్వాత ప్రపంచంలో ఇప్పటిదాకా వర్ణించిన పళ్లన్నిటితో పోలుస్తారు. ఎక్కడా కలవకపోతేనే కొత్త పేరు. ఏ పన్ను చూసి పేరు పెట్టారో ఆ పన్నును నంబరేసి సంస్థలో భద్రపరుస్తారు, రేపు ఎవరైనా వచ్చి సరిచూసుకునేలా.

కరీంనగర్ సార్ అనుమానంలో నిజం లేకపోలేదు. ఒకే సొర నోట్లో ముందు పళ్లు ఒకలా, పక్క పళ్లు ఒకలా ఉంటాయి. దానివల్ల ఒకే జంతువుకు రెండు పేర్లు పడిన సందర్భాలున్నాయి. మన మలేరి సొర పేరు కూడా మారింది. క్సెనకాంథస్‌లో పెట్టిన దాన్ని తర్వాత మరింత వివరంగా చూసి మూరియోడాంటస్ అనే ప్రజాతిలోకి మార్చారు. ఇప్పుడది మూరియోడాంటస్ ఇండికస్. 2018లో మధ్యప్రదేశ్‌లోని టికి అనే చోట, దాదాపు మలేరి కాలపు మట్టిలోనే, దీనికి దగ్గరి చుట్టం దొరికితే మూరియోడాంటస్ జైనీ అని పేరు పెట్టారు. మలేరి పళ్లను మొదట వర్ణించిన ఆ జైన్ గారి గౌరవార్థమే. పేరు మారింది కదా అని మొదటి పని వృథా అని ఎవరూ అనుకోలేదు.

కరీంనగర్_పాఠకుడు
వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. బందరు అన్న మాట నాకు ఎక్కువ పట్టింది. అయినా ఒక్క పన్నుతోనే కొత్త పేరు పెడితే ఇప్పటికీ ఒప్పుకోను. పది పళ్లు, వేర్వేరు వరసలవి ఉంటే ఒప్పుకుంటాను. శాస్త్రవేత్తలు కూడా ఎక్కువ పళ్ల కోసమే చూస్తారనుకుంటాను.

నాకు తెలిసింది ఒకటి చెబుతాను. యూరప్‌లో వందల ఏళ్లు ఈ పళ్లను పళ్లనుకోలేదు. నాలుక రాళ్లన్నారు, విషానికి విరుగుడని మెడలో వేసుకున్నారు. 1666లో ఇటలీలోని లివోర్నో దగ్గర పెద్ద సొర పడితే దాని తలను ఫ్లోరెన్స్‌కు పంపించారు. అక్కడ నీల్స్ స్టెన్సెన్ అనే వైద్యుడు కోసి చూసి, ఈ నాలుక రాళ్లు సొర పళ్లేనని తర్వాతి ఏడాది అచ్చులో రాశాడు. పొరల్లో కింద ఉన్నది ముందు పడింది, పైనున్నది తర్వాత పడింది అనే సూత్రం కూడా ఆయనదే. అంటే రాళ్లబడి తమ్ముడు పైన చెప్పిన యెర్రపల్లి, మలేరి, కోట వరసంతా ఒక సొర తలకాయ దగ్గర మొదలైన ఆలోచనే.

ప్రాణహిత_ఒడ్డు (కోటపల్లి మండలం)
కోట అనే ఊరు మాకు నది అవతల, సిరొంచ తాలూకాల ఉంటది. మహారాష్ట్ర అయినా అక్కడ మాట్లాడేది తెలుగే. మా మేనత్త అటే ఇచ్చిన్రు. చిన్నప్పుడు పడవల దాటి పోయేటోళ్లం. అక్కడి సున్నపురాయి పలకలు విప్పితే చేపలుంటయని మా మామ ఒకటి చూపెట్టిండు. పొలుసులు మెరుస్తున్నయి, నల్లగ, వార్నిష్ పూసినట్టు. నేను మొక్కిన. దేవుడు చేసిన బొమ్మ అనుకున్న.

మా తాత అయితే పెద్ద పెద్ద రాతి బొక్కలను రాకాసి బొక్కలనేటోడు. రాత్రిపూట ఆ గుట్ట దిక్కు పోనిచ్చేటోడు కాదు.

రాళ్లబడి
అక్కా, నువ్వు చూసింది లెపిడోటిస్ అనే చేప కావచ్చు. కోట సున్నపురాయిలో అదే ఎక్కువ దొరుకుతుంది, పొలుసులు అలాగే నల్లగా మెరుస్తాయి. 1850ల్లో నాగపూర్‌లో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ అనే స్కాట్లండ్ మిషనరీ మలేరి, కోట శిలాజాలను లోకానికి చూపించినవాళ్లలో ముఖ్యుడు. మలేరిలో దొరికిన మొసలిలాంటి జంతువుకు పారాసూకస్ హిస్లోపీ అని ఆయన పేరే ఉంది.

తాతగారి రాకాసి బొక్కలు కూడా ఉత్త మాట కాదు. మంచిర్యాల జిల్లా యామనపల్లి దగ్గర తవ్విన డైనోసార్ కోటాసారస్ యామనపల్లియెన్సిస్, దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉంది. దానికి 1988లో పేరు పెట్టింది కూడా యాదగిరి గారే. పిల్లల్ని ఒక్కసారైనా తీసుకెళ్లండి. మన జిల్లా జంతువు అది.

కాజీపేట_అమ్మ
మేము పోయినేడు చూశాం. మా బాబు దాని కాలి కింద నిలబడి ఫొటో దిగాడు. కానీ అది మంచిర్యాల జిల్లాదని మాకు తట్టనేలేదు. ఏ అమెరికాదో అనుకుని వచ్చేశాం. ఇది చదివాక మనసు చివుక్కుమంది. మన సొత్తు ముందు నిలబడి మనదని తెలియకపోవడం ఏంటి?

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. నేను చదువుకున్న బడిలో, ఊరి పేరు చెప్పను, సైన్స్ గదిలో రాయిగా మారిన చెట్టు ముక్క ఒకటి ఉండేది. వయసు వలయాలు కూడా కనిపించేవి. కొన్నేళ్ల తర్వాత వెళ్లి అడిగితే సున్నాలు వేసేటప్పుడు పాత సామానుతో పారేశామన్నారు. ఇప్పటికీ ఆ ముక్క చేతిలో బరువుగా ఉన్నట్టే అనిపిస్తుంది.

చెలకగట్టు (రెబ్బెన దగ్గర పల్లె)
అందరికీ నమస్తే. రెండు రోజుల నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అని ఆలోచించిన. మాది మలేరికి దూరం కాదు. నాన్నది ఎర్రమట్టి చెలక, పత్తి వేస్తాం. చెలక పక్కన ఒర్రె ఉంది. వానాకాలం గట్టు కోసుకుపోయినప్పుడు వింత రాళ్లు బయటపడతయి. మా బిడ్డ ఏడో తరగతి, అది ఏరి సీసాల వేస్తది.

నిన్న రాత్రి సీసా కుమ్మరించి చూసినం. సొర పన్ను ఏమో అనుకున్న రాయి ఒకటి పక్కన పెట్టిన. బొటనవేలంత ఉంది, గోధుమ రంగు, ఒక కొస సన్నం. దాని చుట్టూ మర చుట్టలు ఉన్నయి, శంఖం లెక్క. రూపాయి బిళ్ల పక్కన పెట్టి ఫొటో తీసి పెడుతున్నా. తప్పయితే తప్పని చెప్పండి, ఏమనుకోను.

రాళ్లబడి
అన్నా, ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూశాను. ఇది పన్ను కాదు, శంఖం కూడా కాదు. నాకు అర్థమైనంతవరకు ఇది రాయిగా మారిన పేడ. చేప పేడ. నిరాశ పడొద్దు, ఇది చాలా విలువైన వస్తువు. ఎందుకో చెబుతాను.

సొరచేప కడుపులో పేగు తిన్నగా ఉండదు. లోపల మర మెట్ల లాంటి మడత ఉంటుంది, తిన్నది దాని చుట్టూ తిరుగుతూ దిగాలి. అందుకే బయటకొచ్చేది కూడా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. మలేరి ఎర్రమట్టిలో ఇలాంటివి చాలా దొరుకుతాయి. మలేరి సొర పళ్లను వర్ణించిన ఆ జైన్ గారే 1983లో ఈ చుట్టల పేడ రాళ్ల మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. అంటే 22 కోట్ల ఏళ్ల కింద మీ చెలక ఉన్నచోట నీళ్లుండేవి, ఆ నీళ్లలో చుట్టల పేగున్న చేప తిరిగేది.

బిడ్డకు నా తరఫున శభాష్ చెప్పన్నా.

చెలకగట్టు
తమ్ముడూ, దానికి చదివి వినిపించిన. మాట్లాడకుండ ఆ రాయిని చేతిల పట్టుకుని చాలాసేపు కూసుంది. తర్వాత ఒకటే అడిగింది. "మరి అది ఏ చేపది? సొరదేనా?"

రాళ్లబడి
అక్కడే చిక్కు. పేడ చూసి చెప్పలేం. చుట్టల పేగు సొరకూ ఉంటుంది, ఊపిరితిత్తుల చేపకూ ఉంటుంది. మలేరిలో ఆ రెండూ ఉన్నాయి. ఊపిరితిత్తుల చేప పన్ను విసనకర్రలా ఉంటుంది, గట్లు ఒకే చోట నుంచి బయటికి విచ్చుకున్నట్టు. అది వేలి గోరంత పెద్దగా ఉండొచ్చు కాబట్టి కంటికి ఆనుతుంది. సొర పన్ను ఎద్దు కొమ్ముల్లా ఉంటుందని పైన రాశాను, అది కొన్ని మిల్లీమీటర్లే. నడుస్తూ చూస్తే దొరకదు. దానికి జల్లెడే దారి.

కరీంనగర్ సార్ అడిగిన ప్రశ్నకు కూడా ఇదే జవాబు. ఏ జంతువో చెప్పగలిగేది పన్నే. పేడ గానీ, పొలుసు గానీ, విరిగిన ముల్లు గానీ అంత దూరం చెప్పలేవు.

హనుమకొండ_సైన్స్‌టీచర్
జల్లెడ ఎలా పడతారో వివరంగా చెప్పు బాబూ. మా పిల్లలతో చేయించగలిగేది ఏమైనా ఉందా? అమెరికాలో ఒక సంగతి చదివాను. "స్యూ" అనే పెద్ద టీ రెక్స్ డైనోసార్ ఎముకల చుట్టూ ఉన్న మట్టిని మ్యూజియంలో ఏళ్ల తరబడి దాచి ఉంచారట. దాన్ని జల్లించి గింజ గింజ ఏరుతుంటే, కారెన్ నార్డ్‌క్విస్ట్ అనే స్వచ్ఛంద కార్యకర్తకు ఒక మిల్లీమీటరు సొర పళ్లు కనిపించాయి. 2019లో ఆ సొరకు గాలగడాన్ నార్డ్‌క్విస్టే అని ఆమె పేరే పెట్టారు. ఓపికగా ఏరిన మనిషి ఆమె. మా పిల్లలకు ఆ ఓపిక నేర్పగలను.

రాళ్లబడి
పద్ధతి మన ఇళ్లలో బియ్యం కడిగి రాళ్లు తీసే పద్ధతికి దూరమేమీ కాదు. మట్టిని ముందు ఎండలో బాగా ఆరబెట్టాలి. చెమ్మ ఉంటే విచ్చుకోదు. ఆరిన గడ్డలను నీళ్లలో నానబెడితే చాలావరకు విడిపోతాయి. మొండి గడ్డలను ముందు కిరోసిన్‌లో నానబెట్టి, అది వంచేసి నీళ్లు పోస్తారు, అప్పుడు పగిలి బురదైపోతాయి. ఆ కిరోసిన్ పని మాత్రం పిల్లలతో వద్దు. తర్వాత అర మిల్లీమీటరు కన్నాల జల్లెడలో, కదిలే నీళ్లలో మెల్లగా ఊపాలి. గట్టిగా రుద్దితే పళ్ల మొనలు విరుగుతాయి. మిగిలింది ఆరబెట్టి, పదింతలు పెద్దగా చూపే భూతద్దం కింద, తడి కుంచె కొనతో ఒక్కో గింజ తీయాలి. కోట సున్నపురాయి అయితే పలచటి ఎసిటిక్ ఆమ్లంలో వేస్తారు. రాయి కరుగుతుంది, పన్ను కరగదు. అది ప్రయోగశాలలోనే చేయాలి.

పాత ఆదిలాబాద్ జిల్లాలోని పైకాసిగూడెం దగ్గర కోట పొరల మట్టిని ఇలాగే జల్లించారు. సొర పళ్లతో పాటు ఎలుకంత క్షీరదాల పళ్లు కూడా దొరికాయి. 2002లో జి.వి.ఆర్. ప్రసాద్, మన్హాస్ అందులో ఒకదానికి పైకాసిగూడొడాన్ యాదగిరీ అని పేరు పెట్టారు. ఒడాన్ అంటే పన్ను. ఊరి పేరు, పన్ను, యాదగిరి గారి పేరు, మూడూ ఒక్క పేరులో. నాకు ఎంతో ఇష్టమైన పేరు అది.

ఇక ఒక విన్నపం, ముఖ్యంగా చెలకగట్టు అన్నకు. గట్టును తవ్వొద్దు. వాన కడిగి కింద పడేసినవే ఏరండి. ఏరేముందు ఉన్నచోటే ఫొటో తీయండి, ఫోన్లో ఆ చోటు గుర్తు పెట్టండి. చీటీ మీద తేదీ, చోటు, గట్టు అడుగు నుంచి ఎంత ఎత్తున ఉందో రాసి రాయితో పాటే మందుల డబ్బాలో పెట్టండి. చోటు తెలియని శిలాజం అడ్రస్ లేని ఉత్తరం లాంటిది. ఎవరైనా కొంటామని వస్తే ఇవ్వొద్దు. హైదరాబాద్ బండ్లగూడలో జీఎస్ఐ కార్యాలయం ఉంది, అక్కడ చూపించవచ్చు.

బొగ్గుబావి_అన్న (మందమర్రి)
తమ్ముడు చెప్పిన చోటు సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. బావిల ఆకు అచ్చు చూసినప్పుడు ఏ సీమ్ (బొగ్గు పొర), ఏ లెవెల్ అని చాక్‌పీసుతో రాసి పెట్టమనేటోడు సర్వేయర్ సార్. నేను ఇంటికి తెచ్చుకున్న వాటి మీద ఏమీ రాయలే. ఇప్పుడు వాటిని చూసి ఎవరూ ఏమీ చెప్పలేకపోతున్నరు. మనుమరాలికి ఆడుకోనిచ్చిన.

కరీంనగర్_పాఠకుడు
అన్నా, వాటిని పారేయకండి. చోటు తెలియకపోయినా బడిలో చూపించడానికి పనికొస్తాయి. టీచరు గారికి ఇవ్వండి. నేను ఈ నెలాఖరున మందమర్రి వస్తాను, మీరు ఒప్పుకుంటే తీసుకెళ్లి హనుమకొండలో అందజేస్తాను.

బొగ్గుబావి_అన్న (మందమర్రి)
రండి సార్. నాలుగున్నయి. మనుమరాలిని ఒప్పించే పూచీ నాది.

చెలకగట్టు
సీసాల ఉన్నవన్నీ విడివిడిగ డబ్బాల్ల పెట్టినం. ఏది ఎక్కడ దొరికిందో బిడ్డకు సగం యాదికున్నయి, సగం లేవు. యాదికున్నవాటికి చీటీలు రాసింది. చుట్టల రాయి దొరికిన చోటికి పొద్దున ఇద్దరం పోయినం. ఒర్రె మలుపు దగ్గర, నేల నుంచి నా మోకాలెత్తుల ఎర్రమట్టి నడుమ తెల్లటి గవ్వంత గుండ్ల పొర ఒకటి ఉంది. దాని కిందనే అది దొరికిందని చూపెట్టింది. ఫొటో తీసిన, తవ్వలేదు.

నాన్నకు చెప్పిన. ముందు నవ్వులాట అనుకున్నడు. తర్వాత, "ఆ మూలకు ఈసారి నాగలి పోనియ్య" అన్నడు.

రాళ్లబడి
అన్నా, నాన్నగారికి నా నమస్కారం. దసరా తర్వాత మా గైడు సార్‌తో ఆ వైపే ఫీల్డుకు వస్తున్నాం. ముందుగా ఫోన్ చేసి, మీరు సరేనంటే మీ ఒర్రె చూస్తాం. కింద రాలిన మట్టి రెండు తట్టలు చాలు, జల్లెడలు మేమే తెస్తాం. పన్ను దొరుకుతుందని మాట ఇవ్వలేను. దొరికితే మొదట భూతద్దం పట్టేది మీ బిడ్డే.

హనుమకొండ_సైన్స్‌టీచర్
చివరి బెంచీ అమ్మాయికి ఇదంతా చెప్పాను. ఇవాళ తరగతిలో అందరూ కలిసి ఒక పని మొదలుపెట్టారు. పాత ప్లాస్టిక్ డబ్బాల అడుగు కోసి, దోమతెర గుడ్డ బిగిస్తున్నారు. కన్నం ఒక మిల్లీమీటరు కంటే కొంచెం పెద్దగా ఉంది, పనికొస్తుందా?

రాళ్లబడి
ఒకదాని మీద ఒకటి రెండు పొరలు, కొంచెం పక్కకు జరిపి బిగించమనండి మేడం. సరిపోతుంది.